చలి ముంచుకొస్తోంది, పాదుల నిండా పచ్చి టమాటాలు. వీటిని పండించుకోవడం ఎలా?

పెరటిమొక్క_ఎడిసన్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర పెరటి తోట. పదకొండు టమాటా మొక్కలు ఉన్నాయి: రోమా నాలుగు, ఎర్లీ గర్ల్ మూడు, చెరోకీ పర్పుల్ రెండు, సన్‌గోల్డ్ రెండు. ఇవాళ సెప్టెంబర్ 28. పాదుల మీద చూపు అంచనాకి నలభై పౌండ్ల పచ్చికాయ ఉంది. పైన పూత, పిందె ఇంకా వస్తూనే ఉన్నాయి. పగలు 68 నుంచి 72 డిగ్రీల ఫారన్‌హీట్, రాత్రి 52 దాకా దిగుతోంది. వచ్చే వారం రెండు రాత్రులు 44 అని ఫోన్లో చూపిస్తోంది.

ఇప్పుడే కోసేయాలా, ఫ్రాస్ట్ (మొక్కల మీద మంచు గడ్డకట్టే చలి) పడేదాకా ఆగవచ్చా? కోసినవాటిని కిటికీలో ఎండకి పెట్టాలా, చీకట్లో పెట్టాలా? అరటిపండు పక్కన పెడితే నిజంగా పండుతాయా? అన్నీ ఒకేసారి పండిపోతే వాడలేం కాబట్టి, నవంబర్ దాకా కొద్దికొద్దిగా అందేలా చేసే మార్గం ఉందా? బేస్‌మెంట్ 60 డిగ్రీల దగ్గర ఉంటుంది, గరాజ్ కూడా ఖాళీగానే ఉంది.


తోటపని_కొలంబస్ జవాబు:

ముందు ఎండ విషయం. టమాటా పండటానికి కాయ మీద ఎండ పడాల్సిన పని లేదు. ఎండ కావాల్సింది ఆకుకి, కాయకి కావాల్సింది తగినంత వెచ్చదనం. కిటికీ గట్టు మీద పెడితే పగలు అద్దం దగ్గర కాగిపోతుంది, రాత్రి అదే అద్దం పక్కన చల్లబడుతుంది. ఒక పక్క మెత్తబడి రెండో పక్క గట్టిగా ఉండిపోతుంది. కిటికీ వద్దు.

పండటం కాయ లోపలే మొదలవుతుంది. పూర్తిగా ఎదిగిన కాయ ఇథిలీన్ అనే వాయువు తనంతట తానే తయారు చేసుకుంటుంది. దాని ప్రభావంతో పచ్చదనం విరిగిపోతుంది, లైకోపీన్ అనే ఎర్ర రంగు ఏర్పడుతుంది, గుజ్జు మెత్తబడుతుంది. మన ఊళ్లలో మామిడికాయల్ని వరిగడ్డిలో ముగ్గవేస్తే జరిగేదీ ఇదే: ఆ వాయువు చెదిరిపోకుండా గడ్డి ఆపుతుంది, వెచ్చదనం నిలబెడుతుంది. మామిడైనా టమాటా అయినా ముదరని కాయ ముగ్గులో పండదు.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఏది ముదిరింది, ఏది లేత అన్నది. ప్రతి రకంలో ఒక్కో కాయ కోసి పదునైన కత్తితో అడ్డంగా రెండు చెక్కలు చేయండి. గింజల చుట్టూ జిగురులాంటి గుజ్జు పట్టి, కత్తి తగిలినా గింజ తెగకుండా పక్కకి జారిపోతే అది ముదిరిన కాయ. ఇంట్లో పండుతుంది. లోపలి గదులు గట్టిగా, తెల్లగా ఉండి కత్తితో పాటు గింజ కూడా తెగితే అది లేత కాయ. దాన్ని ఎన్ని అరటిపళ్ల మధ్య పెట్టినా ముడతలు పడిపోతుంది, రంగు వచ్చినా చప్పగా ఉంటుంది. ఒక్కో రకానికి ఒక్క కాయ పోతుందంతే. ఆ కోసిన కాయ సైజు, రంగు గుర్తుపెట్టుకుంటే మిగతావి కోయకుండానే పోల్చుకోవచ్చు.

బయటి గుర్తులు చెప్పాలంటే, ముదిరిన కాయ ఆకుపచ్చ కొంచెం తెల్లబారుతుంది, తొక్క నిగనిగలాడుతుంది, అడుగున పువ్వు రాలిన చోట చుక్కలా, నక్షత్రంలా పాలిపోయిన గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు దగ్గర గులాబీ ఛాయ తగిలితే అది దోర. అమెరికా వ్యవసాయ శాఖ టమాటా రంగుని ఆరు దశలుగా విడదీస్తే అందులో రెండోది ఇది, బ్రేకర్ అంటారు: తొక్క మీద పది శాతానికి మించకుండా రంగు తిరిగిన దశ. మదనపల్లె నుంచి దూరం వెళ్లే లారీలకు దోరకాయే ఎక్కించడానికి కారణం, అక్కణ్ణించి చెట్టుతో అవసరం లేకుండానే అది చక్కగా పండటం. దోర దశలో కోసి ఇంట్లో పండించినదానికీ పాదు మీద పండినదానికీ రుచిలో పెద్ద తేడా ఉండదు. పూర్తి పచ్చగా కోసినదానికి మాత్రం తీపి తగ్గుతుంది, ఎందుకంటే చక్కెర ఆకు నుంచి రావాలి. చెరోకీ పర్పుల్ విషయంలో ఒక జాగ్రత్త: అది పూర్తిగా పండినా భుజాలు పచ్చగానే ఉంటాయి. భుజాలు ఎర్రబడాలని కూర్చుంటే అడుగు కుళ్లిపోతుంది.

ఇక ఇప్పుడా, ఫ్రాస్ట్ దాకానా అన్న ప్రశ్న. ఫ్రాస్ట్ దాకా ఆగొద్దు. టమాటాకి దెబ్బ 32 దగ్గర కాదు, 50 కింద మొదలవుతుంది. 50 లోపు చలిలో గంటల తరబడి ఉన్న పచ్చికాయలో కణాల పొరలు దెబ్బతింటాయి. ఆ రోజు చూస్తే ఏమీ తెలియదు. ఇంట్లోకి తెచ్చి వెచ్చగా పెట్టిన వారం, పది రోజులకి బయటపడుతుంది: రంగు మచ్చలు మచ్చలుగా రావడం, తొక్క మీద చిన్న గుంటలు, రంగు రాకుండానే మెత్తబడటం, తొడిమ చుట్టూ నల్ల బూజు. అప్పుడు చాలామంది పెట్టెనో అరటిపండునో తప్పుపడతారు. తప్పు అంతకుముందు తోటలోనే జరిగిపోయి ఉంటుంది. పచ్చి టమాటాని ఫ్రిజ్‌లో పెట్టకూడదనేదీ ఇందుకే.

కోత ఇలా చేయండి. వాన లేని రోజు, మంచు తడి ఆరాక, మధ్యాహ్నం కోయండి. పెద్ద వాన వస్తుందని తెలిస్తే దానికి ముందు రోజే కోయాలి, లేకపోతే కాయ నీరు తాగి పగులుతుంది. ముచ్చిక తీసేయండి, పెట్టెలో అది పక్క కాయని గుచ్చుతుంది. గుచ్చుకున్న ప్రతి చోటా కుళ్లు మొదలవుతుంది. పగిలినవి, పురుగు తొలిచినవి, నేల తాకినవి విడిగా పెట్టి ముందు వాడేయండి.

మట్టి అంటకపోతే కడగొద్దు. కడగాల్సి వస్తే కాయ కంటే పది డిగ్రీలు వెచ్చగా ఉన్న నీళ్లు వాడండి. వెచ్చటి కాయని చన్నీళ్లలో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి, ముచ్చిక తీసిన గాయం గుండా నీటిని, దాంతో పాటు క్రిముల్ని లోపలికి పీల్చుకుంటుంది. కడిగాక గుడ్డతో తుడిచి, ఒక గంట గాలికి ఆరనిచ్చి అప్పుడు సర్దండి.

లోతు తక్కువ అట్టపెట్టెలు తీసుకోండి. అడుగున రెండు పొరలు న్యూస్‌పేపర్ వేసి, ముచ్చిక వైపు కిందికి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా ఒక వరస పేర్చండి. చోటు చాలకపోతే మధ్యలో పేపర్ వేసి రెండో వరస, అంతే. మూడో వరస వేస్తే అడుగువి నలుగుతాయి, పైగా వాటిని రోజూ ఎవరూ చూడరు. పైన ఒక పేపర్ కప్పి పెట్టె మూత వదులుగా ఉంచండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, లోపల చెమ్మ పట్టి రెండు రోజుల్లో బూజు వస్తుంది.

అరటిపండు పనిచేస్తుంది, ఆపిల్ ఇంకా బాగా పనిచేస్తుంది, పండిన టమాటా ఒకటి వేసినా చాలు. కానీ అది ముదిరిన కాయని రెండు మూడు రోజులు ముందుకి తోస్తుందంతే, లేత కాయని ముదర్చదు. కాగితం సంచిలో అయిదారు కాయలకి ఒక అరటిపండు సరిపోతుంది. పెద్ద పెట్టెలో నాలుగు రోజులకోసారి పండు మార్చండి, లేకపోతే చిన్న ఈగలు ముసురుతాయి.

కొద్దికొద్దిగా అందడానికి మూడు పెట్టెలు చేయండి. దోరవి వంటింట్లో, 68 నుంచి 70 డిగ్రీల దగ్గర పెడితే అయిదారు రోజుల్లో ఎర్రబడతాయి. ముదిరిన పచ్చివాటిలో సగం అక్కడే పెడితే రెండు వారాలు. మిగతా సగం బేస్‌మెంట్‌లో 55 నుంచి 60 మధ్య పెడితే మూడు నాలుగు వారాలు పడుతుంది. వాటిలో రంగు తిరిగినవాటిని ఏరి పైకి తెచ్చుకుంటూ ఉండండి, వెచ్చటి గదిలో చివరి నాలుగు రోజులు గడిపితే రంగూ వాసనా మెరుగ్గా వస్తాయి. ఈ లెక్కన నవంబర్ మొదటి వారం దాకా ధీమాగా చెప్పొచ్చు. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి కొన్నే మిగులుతాయి.

రెండు రోజులకోసారి ప్రతి కాయనీ చూడాల్సిందే. కుళ్లిన కాయ ఒకటి ఉంటే అది వదిలే ఇథిలీన్ మిగతావాటిని తొందరపెడుతుంది, బూజు కూడా పాకుతుంది.


మట్టివాసన_గ్రాండ్‌రాపిడ్స్ జవాబు:

కొలంబస్ గారు కోత గురించి చెప్పిందంతా సరే. ఆ 44 డిగ్రీల రెండు రాత్రుల గురించి మాత్రం నా లెక్క కొంచెం వేరు. చలి దెబ్బ పోగవుతూ వస్తుంది. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలు 44కి దిగి, పగలు మళ్లీ 70కి ఎక్కితే రెండు రాత్రులతో కాపు పాడవదు. వారం పాటు అలాగే ఉంటే పాడవుతుంది. కాబట్టి పెద్ద కాయల్లో దోరవి, బాగా ముదిరినవి ఆ రాత్రుల ముందే కోసేయండి. ఇంకో వారం పది రోజుల్లో ముదురుతాయనిపించే వాటిని కప్పి ఉంచి పాదు మీదే వదలండి. ఇంట్లో లేత కాయ ముదరదు, పాదు మీద ముదురుతుంది. ఆ అవకాశం ఎందుకు పోగొట్టుకోవాలి?

కప్పడానికి తోటల్లో వాడే తెల్లటి పల్చటి గుడ్డ దొరుకుతుంది, రో కవర్ అంటారు. పల్చటిదైతే 2 నుంచి 4 డిగ్రీలు కాపాడుతుంది, మందపాటిదైతే 6 దాకా. పాత దుప్పటైనా పర్వాలేదు. కప్పడంలో అందరూ చేసే పొరపాటు, మొక్క తలకి మూటలా కట్టి కింద వదిలేయడం. రాత్రి వెచ్చదనం వచ్చేది నేలలోంచి. గుడ్డ నాలుగు వైపులా నేల దాకా దిగి, అంచుల మీద ఇటుకలు పెట్టి ఉంటేనే ఆ వేడి లోపల నిలుస్తుంది. పొద్దు గూకక ముందే కప్పి, ఉదయం తొమ్మిదింటికల్లా తీసేయండి. ప్లాస్టిక్ షీట్ ఆకుకి తగిలితే తగిలిన చోటల్లా ఆకు మాడుతుంది, పుల్లలు నాటి ఎత్తుగా నిలబెట్టగలిగితేనే వాడండి.

ఫోన్లో 36 అని చూపినా ఫ్రాస్ట్ పడొచ్చు. ఆ కొలత నేలకి అయిదారు అడుగుల ఎత్తులో గాలిది. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి నేల మట్టాన నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటుంది. 38 లోపు చూపించి ఆకాశం నిర్మలంగా ఉందంటే ఆ సాయంత్రమే మిగిలినవన్నీ కోసేయడం మేలు.

ఇవాళే చేయాల్సిన పని ఇంకోటి ఉంది. పూతా, గోలీ కంటే చిన్న పిందెలూ అన్నీ తుంచేయండి. పువ్వు నుంచి ముదిరిన కాయ కావడానికి వేసవిలోనే 40 నుంచి 50 రోజులు, చల్లటి రోజుల్లో ఇంకా ఎక్కువ. ఇవాళ్టి పువ్వు కాయగా ముదరాలంటే నవంబర్ మధ్య దాటాలి. మీ వైపు మొదటి ఫ్రాస్ట్ మామూలుగా అక్టోబర్ రెండో సగంలోనే పడుతుంది. అంటే ఆ పువ్వు తినే ప్రతి చుక్కా పక్కనున్న పెద్ద కాయ నోటి దగ్గరిదే. ఎర్లీ గర్ల్, చెరోకీ, సన్‌గోల్డ్ ఆపకుండా పెరిగే రకాలు, వాటి కొసచిగుళ్లు కూడా పై గుత్తికి రెండు ఆకుల పైన కత్తిరించండి. పక్క పిలకలు తీసేయండి. రోమా తనంతట తానే పెరుగుదల ఆపే రకం, దానికి కొస కత్తిరింపు అక్కర్లేదు, పూత పిందె తీస్తే చాలు. నిజానికి కొస తుంచడానికి సరైన సమయం ఆగస్టు ఆఖరి వారం, వచ్చే ఏడాదికి రాసి పెట్టుకోండి. ఆకులు మాత్రం దూయొద్దు. కాయకి ఎండ తగలాలని మొత్తం ఆకు దూసేస్తే తీపి ఇచ్చేదాన్నే తీసేసినట్టు. కింద పసుపు పడినవి, మచ్చలు పడినవి తీస్తే సరి.

నీళ్లు సగానికి తగ్గించండి, నత్రజని ఎరువు ఏదీ వేయొద్దు, వేస్తే మళ్లీ చిగురే వస్తుంది. ముదిరిన కాయలు బాగా ఉన్న మొక్కకి వేళ్లు కొంత కోయొచ్చు: కాండానికి ఎనిమిది నుంచి పది అంగుళాల దూరంలో, ఎనిమిది అంగుళాల లోతుకి, పారతో అర్ధచంద్రాకారంగా ఒక వైపే దించండి. ఆ ఒత్తిడికి మొక్క ఉన్న కాయని తొందరగా పండించే పనిలో పడుతుంది. చుట్టూరా కోస్తే మొక్క వడిలిపోతుంది. లేత కాయలే ఎక్కువున్న మొక్కకి ఈ పని అసలు చేయొద్దు.

నీళ్లు తగ్గించమన్నాను గానీ, ఫ్రాస్ట్ హెచ్చరిక ఉన్న రోజు మధ్యాహ్నం మాత్రం మొక్క మొదలు దగ్గర బాగా తడపండి. తడి నేల పగటి వేడిని ఎక్కువ పట్టి ఉంచి రాత్రి నెమ్మదిగా వదులుతుంది.


మిద్దెతోట_సికింద్రాబాద్ జవాబు:

ఇక్కడ సీజన్ చివర అంటే మార్చి ఆఖరు నుంచి మే. మీకు చలి, మాకు ఎండ. కారణం మాత్రం ఒక్కటే కాబట్టి రాస్తున్నాను. లైకోపీన్ ఏర్పడటానికి పై హద్దు కూడా ఉంది. 30 డిగ్రీల సెల్సియస్, అంటే మీ 86 దాటితే ఎరుపు ఏర్పడటం ఆగిపోతుంది, పసుపు రంగునిచ్చే కెరోటిన్ మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకే ఏప్రిల్లో మిద్దె మీద టమాటాలు నారింజ, పసుపు కలిసిన రంగులో ఆగిపోయి అలాగే మెత్తబడతాయి. దానికి ఎరువు లోపం అనుకుని పొటాష్ మీద పొటాష్ వేస్తుంటారు. 50 శాతం షేడ్ నెట్ కట్టి, దోర కనిపించగానే కోసి, ఇంట్లో నీడగా గాలి ఆడే చోట 25 నుంచి 28 డిగ్రీల మధ్య పెడితే అవే కాయలు ఎర్రబడతాయి.

మీకు దీంతో పనేమిటంటే, చలికాలం అక్కడ ఇళ్లలో హీటర్ నడుస్తుంది. తొందరగా పండాలని వెంట్ పక్కనో, ఫర్నెస్ మీదో పెట్టె పెట్టొద్దు. అక్కడ రంగు పసుపులో ఆగుతుంది, పైగా పొడి గాలికి తొక్క ముడుచుకుంటుంది. గది మరీ పొడిగా ఉంటే పెట్టె పైన పేపర్ రెండు మడతలు కప్పండి, కాయని మాత్రం తడపొద్దు.

ఇంకో మాట, ఇది ఎవరైనా సలహా ఇస్తారేమోనని ముందే చెబుతున్నాను. కాల్షియం కార్బైడ్ జోలికి పోవద్దు. దాన్నుంచి వచ్చేది ఎసిటిలీన్, పైగా పారిశ్రామిక కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి. పళ్లు మాగబెట్టడానికి దాని వాడకం మన దేశంలో 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం. అరటిపండు ఇచ్చే ఇథిలీన్, కాయ తను వదిలే ఇథిలీన్ ఒకటే పదార్థం, దానితో భయం లేదు.


పెరటిమొక్క_ఎడిసన్:

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రకాలూ చీల్చి చూశాను. కోడిగుడ్డు కంటే చిన్న రోమాల్లో గింజ తెగుతోంది, పెద్దవాటిలో జారుతోంది. చెరోకీ సగం ముదిరాయి. పూత, పిందె తుంచేశాను.

రెండు సందేహాలు మిగిలాయి. మూడు రోమాలకి అడుగున నల్లటి, పొడిబారిన గుంట ఉంది. ఒక ఎర్లీ గర్ల్ మొక్కకి మాత్రం కాయ భుజం మీద గోధుమ రంగు మచ్చ, నూనె రాసినట్టు మెరుస్తూ గట్టిగా ఉంది. ఆకుల మీద కూడా తడిసినట్టున్న ముదురు మచ్చలు. ఇవి కూడా పెట్టెలో పెట్టొచ్చా? రెండోది, మొక్కని వేళ్లతో సహా పీకి బేస్‌మెంట్‌లో తలకిందులుగా వేలాడదీస్తే బాగా పండుతాయని విన్నాను. అది పెట్టెల కంటే మేలా?


తోటపని_కొలంబస్ జవాబు:

రోమా అడుగు నల్లబడటం తెగులు కాదు, అంటుకోదు. కాయ కొసకి కాల్షియం అందక కణాలు చచ్చిపోతే వస్తుంది. సాధారణంగా మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్లు ఒక రోజు ఎక్కువ, నాలుగు రోజులు లేకపోవడంతో అది కాయ దాకా చేరదు. అలాంటి కాయ ముందుగానే రంగు తిరుగుతుంది. నల్లటి భాగం కోసేసి వారంలోపు వండేయండి, నిలవకి పెట్టొద్దు.

ఎర్లీ గర్ల్ గురించి మీరు చెప్పిన లక్షణాలు లేట్ బ్లైట్ అనే తెగులువి. ఉదయం తడి ఉన్నప్పుడు ఆ ఆకుల అడుగున మచ్చ అంచు చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంపల్ని తుడిచిపెట్టింది ఈ క్రిమే, దాని పేరు ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్. చల్లగా, తేమగా ఉన్న రోజుల్లో వారంలోపే తోటంతా పాకుతుంది. ఆ మొక్కని ఇవాళే తీసి నల్ల సంచిలో కట్టి చెత్తలో వేయండి. కంపోస్టులో వద్దు. మచ్చ పడిన కాయలు ఇంట్లోకి తేవద్దు. అదే మొక్క మీద శుభ్రంగా కనిపించే కాయల్లో కూడా తెగులు లోపల దాగి ఉండొచ్చు, అందుకని వాటిని వేరే పెట్టెలో ఒకే వరసలో వంటింట్లోనే పెట్టి రోజూ చూస్తూ, వారంలో వాడేయండి. బేస్‌మెంట్ పెట్టెల దగ్గరికి అవి పోకూడదు. ఆ మొక్క ముట్టుకున్న చేతులు, కత్తెర కడుక్కున్నాకే మిగతావి కోయండి. ఇది కనిపించింది కాబట్టి పాదు మీద వదలడం గురించి మట్టివాసన గారు ఇచ్చిన సలహా మీ తోటకి ఇప్పుడు ప్రమాదం. పక్క మొక్కల మీద ఒక్క మచ్చ కనిపించినా అన్నిటి ముదురుకాయా కోసేయండి.

మొక్కని వేలాడదీస్తే కాయలు పండుతాయి, పాదు మీద ఉన్నందుకు ముడతలు కొంచెం తక్కువ. కాకపోతే కాండంలోని నీళ్లు, చక్కెర నాలుగైదు రోజుల్లో అయిపోతాయి, ఆ తర్వాత కాయ పెట్టెలో ఉన్నా తాడుకి వేలాడినా ఒకటే. ఎండిన ఆకు రాలి ఇల్లంతా చెత్త, పండినవి తెలియకుండా రాలి పగులుతాయి, లోపల కుళ్లినవి కనపడవు. సన్‌గోల్డ్ లాంటి చిన్న కాయలకి మాత్రం నాకూ ఆ పద్ధతే నచ్చుతుంది, వందల కొద్దీ కాయల్ని ఒక్కొక్కటీ పేపర్ మీద పేర్చే ఓపిక ఎవరికి ఉంటుంది? మొత్తం మొక్క అక్కర్లేదు, గుత్తులున్న కొమ్మలు రెండడుగుల పొడవు కోసి, మట్టి లేకుండా వేలాడదీసి, కింద ఒక గుడ్డ పరవండి. తెగులున్న మొక్క కొమ్మ ఒక్కటి కూడా లోపలికి రాకూడదు.


వంటిల్లు_డాలస్ జవాబు:

గింజ తెగిన ఆ లేత రోమాల్ని పండించాలని చూడొద్దు, రెండు మూడు రోజుల్లో వండేయండి. గోలీ కంటే చిన్నవి పారేయండి, చేదుగా ఉంటాయి. పచ్చి టమాటాలో టొమటిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, కాయ ముదిరి పండేకొద్దీ తగ్గుతుంది.

పచ్చడికి పౌండు కాయకి పన్నెండు పచ్చిమిర్చి, రెండు పెద్ద చెంచాల నువ్వులు, చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. నువ్వులు విడిగా చిటపటమనే దాకా వేయించి తీయండి. అదే మూకుట్లో రెండు చెంచాల నూనె వేసి మిర్చి మగ్గాక టమాటా ముక్కలు వేసి, మూత పెట్టకుండా పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, నీరంతా ఇగిరి ముక్క అంచులు రంగు మారేదాకా ఉంచాలి. మూత పెడితే ఉడికినట్టయి పచ్చివాసన పోదు. చింతపండు వేయకముందు రుచి చూడండి, పచ్చికాయ పులుపే చాలాసార్లు సరిపోతుంది. పూర్తిగా చల్లారాక మిక్సీలో ముందు నువ్వులు, జీలకర్ర, వెల్లుల్లి, మిర్చి, ఉప్పు తిప్పి, చివర్లో టమాటా వేసి రెండు తిప్పులు. మెత్తగా అయితే జావలా ఉంటుంది. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది.

అన్నీ ఒకేసారి చేయలేకపోతే అరంగుళం ముక్కలు కోసి, పళ్లెంలో ఒక వరసలో పరిచి గడ్డకట్టాక సంచిలోకి మార్చండి. ముద్దలా అతుక్కోవు, పప్పులోకి గుప్పెడు తీసి వేసుకోవచ్చు. కరిగాక మెత్తబడతాయి కాబట్టి వేపుళ్లకి పనికిరావు.

సీసాల్లో క్యానింగ్ (వేడి చేసి, గాలి చొరకుండా మూసి నిలవ ఉంచడం) చేసే ఆలోచన ఉంటే ఒక హద్దు గుర్తుంచుకోండి. ఫ్రాస్ట్‌కి చచ్చిన పాదు మీది కాయల్ని క్యాన్ చేయొద్దని అమెరికా వ్యవసాయ శాఖ సూచన, వాటిలో పులుపు తగ్గి ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పాదు నుంచి ముందే కోసిన పచ్చికాయకి ఆ ఇబ్బంది లేదు, పండుదాని కంటే దానిలో పులుపు ఎక్కువే. గడ్డకట్టి కరిగి, నీరు పట్టినట్టు ముదురు రంగుకి మారిన కాయ దేనికీ పనికిరాదు.


పెరటిమొక్క_ఎడిసన్:

తెగులు మొక్క తీసేశాను. చివరిగా ఒక్కటి. బేస్‌మెంట్‌లో చోటు మూడు పెట్టెలకే ఉంది. మిగతా రెండూ గరాజ్‌లో పెట్టొచ్చా?


మట్టివాసన_గ్రాండ్‌రాపిడ్స్ జవాబు:

అక్టోబర్ రెండో వారం దాకా అయితే ఫర్వాలేదు, ఆ తర్వాత వద్దు. ఇంటికి అతుక్కున్న గరాజ్ కూడా తెల్లవారుజామున 50 కిందికి దిగుతుంది, కారు పొగ, పెట్రోలు వాసన వేరే. రోజులో కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి పెట్టెలోనే ఉంచి మూడు రోజులు చూడండి. కనిష్ఠం 55 దగ్గర నిలిస్తే ఉంచండి. లేదంటే ఆ రెండు పెట్టెలు మెట్ల కింద అరలోకో, పడకగది మంచం కిందికో మార్చండి, చీకటి వాటికి అడ్డు కాదు. అక్కడ వెచ్చగా ఉంటుంది కాబట్టి ముందు పండేవి అవే, దోరకాయలు వాటిలో సర్దండి.